వెతుక్కుంటూ వచ్చేవాళ్ళా, దారిలో తగిలేవాళ్ళా? యూట్యూబ్ చానల్ పెట్టేముందు తేల్చుకోవాల్సిన లెక్క

తెనాలిలో మా వదిన ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. పగలంతా మిషన్ మీద, రాత్రి ఎనిమిది దాటాక ఫోను ముందు. ఆ ఫోను పట్టుకునేది, వీడియో కట్ చేసేది, అప్‌లోడ్ చేసేది నేను. చానల్ పెట్టి ఐదేళ్ళు దాటింది. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరికి చానల్ ఆలోచన పుట్టినా ముందు నాకే ఫోను వస్తుంది. అందరి ప్రశ్నలూ ఒకలాగే ఉంటాయి. షార్ట్సా, పెద్ద వీడియోలా? ముఖం చూపించాలా, గొంతు చాలా? కెమెరా కొనాలా? ఉద్యోగం మానేయనా?

వాటికి జవాబు చెప్పేముందు నేను ఒకటి అడుగుతాను. మీ వీడియో కోసం జనం వెతుక్కుంటూ వస్తారా, లేక వాళ్ళు ఇంకేదో చూస్తుంటే మీరు దారిలో తగులుతారా?

"చంక దగ్గర ముడత రాకుండా బ్లౌజ్ కటింగ్" అని కొట్టే మనిషి చేతిలో అప్పటికే గుడ్డ, కత్తెర ఉన్నాయి. మా వదిన ఎవరో ఆవిడకి అనవసరం. ముడత పోతే చాలు. అదే పల్లెటూరి కామెడీ వీడియోని పనిగట్టుకుని ఎవరూ వెతకరు. అన్నం తింటూ ఫోను తీస్తే కనిపిస్తుంది. నవ్వొస్తే చూస్తారు, రాకపోతే వేలితో పైకి తోసేస్తారు. మా ఇంట్లో వీటికి వెతుకుడు చానల్, తగులుడు చానల్ అని పేర్లు పెట్టుకున్నాం. పేర్లు మోటుగా ఉన్నా, మీది ఏ రకమో తేల్చుకుంటే తక్కిన ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

ఇదేమీ మా సొంత సిద్ధాంతం కాదు. యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్స్ అని ఒక పేజీ ఉంటుంది. చూసినవాళ్ళు సెర్చ్ నుంచి వచ్చారా, హోమ్ పేజీలో కనిపించి నొక్కారా, పక్కన చూపించే సజెస్టెడ్ వీడియోల్లోంచి వచ్చారా, షార్ట్స్ ఫీడ్‌లో తగిలారా అన్నది అందులో విడివిడిగా ఉంటుంది. చానల్ పెట్టిన కొత్తలో అందరూ సబ్‌స్క్రైబర్ల అంకె చూస్తూ కూర్చుంటారు, మేమూ చూశాం. అసలు చూడాల్సింది ఈ పేజీ.

ఏ సబ్జెక్టు ఏ రకం

కుట్టు, గ్రూప్-2 పాఠాలు, ఫోన్ రివ్యూలు, మిరపలో తెగుళ్ళు, మీసేవలో సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి, వరలక్ష్మీ వ్రతం ఎలా చేయాలి: ఇవన్నీ వెతుకుడు రకం. కామెడీ, వ్లాగులు, ప్రాంకులు, ఊళ్ళు తిరుగుతూ తినేవి తగులుడు రకం.

వంట మాత్రం రెండు పడవల మీదా కాలు పెడుతుంది. "గోంగూర పచ్చడి ఏడాది నిల్వ ఉండాలంటే" అన్నది పక్కా వెతుకుడు. గుడివాడ వైపు పొలాల్లో పుచ్చకాయ డొప్పలో కోడికూర వండిన మస్తానమ్మది తగులుడు. 2016లో మొదలైన కంట్రీ ఫుడ్స్ చానల్‌లో ఆవిడ వంటని విదేశాల్లో కూడా జనం విరగబడి చూశారు. వాళ్ళలో ఎంతమంది పుచ్చకాయ కొనుక్కొచ్చి ఆ కూర వండి ఉంటారు? వాళ్ళకి కావలసింది కొలతలు కావు. నూరేళ్ళు దాటిందని చెప్పే ఆ ముసలావిడ, కట్టెల పొయ్యి, బోసినవ్వు, అంతే. కాబట్టి వంటల చానల్ పెడతాం అనగానే సరిపోదు. వండుకోవడానికి చూసే వంటా, చూడ్డానికి చూసే వంటా తేల్చండి. ఒకదాంట్లో ఉప్పు ఎన్ని చెంచాలో చెప్పకపోతే తిడతారు. రెండోదాంట్లో చెంచాల లెక్క మొదలుపెడితే పారిపోతారు.

వెతుకుడు చానల్ నత్తలాగా కదులుతుంది. మొదటి ఆరునెలలు మాకు చుట్టాలు, చుట్టాల చుట్టాలు తప్ప ఎవరూ లేరు. కానీ ఒకసారి పెట్టిన వీడియో పాతబడదు. మూడేళ్ళ కిందట పెట్టిన ప్రిన్సెస్ కట్ వీడియో శ్రావణమాసం రాగానే మళ్ళీ లేస్తుంది, మాఘమాసం పెళ్ళిళ్ళకి ఇంకోసారి. తగులుడు చానల్‌కి వచ్చినప్పుడు వరదలా వస్తుంది, వారం తిరిగేసరికి ఇసుక మిగులుతుంది. మళ్ళీ వరద రావాలంటే మళ్ళీ కొత్త వీడియో.

ఉద్యోగ నోటిఫికేషన్ల చానళ్ళ గురించి ఒక మాట. అవి వెతుకుడు రకమే, కానీ దరఖాస్తు గడువు దాటగానే వీడియో చచ్చిపోతుంది. వెతుకుడులో ఉండే శ్రమ, తగులుడులో ఉండే తొందర రెండూ కలిసిన పని అది. రోజూ రాత్రి రెండింటిదాకా మేలుకోగలిగితే తప్ప దాని జోలికి పోవద్దని చెప్తాను. పిల్లల పాటలు, బొమ్మల కథలు ఇంకో సుడిగుండం. 2020 జనవరి నుంచి పిల్లల వీడియో అని గుర్తు పెట్టినవాటి మీద చూసేవాళ్ళని బట్టి వేసే ప్రకటనలు రావు, కామెంట్లూ ఉండవు. అంటే వ్యూస్ ఎన్ని ఉన్నా డబ్బు పలచన.

షార్ట్సా, పెద్ద వీడియోలా

అందరూ ముందు అడిగేది ఇదే. ముందు లెక్క చూద్దాం.

ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు రెండు దారుల్లో ఒకటి. గడిచిన 12 నెలల్లో పెద్ద వీడియోలని జనం 4,000 గంటలు చూసి ఉండాలి, లేదా గడిచిన 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. చాలామందికి ఇది చానల్ పెట్టిన ఏడాదికి గాని తెలియదు.

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ పన్నెండు నిమిషాల వీడియోని ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే ఏడాది మొత్తం మీద 60,000 వ్యూస్ చాలు. 90 రోజుల్లో కోటి అంటే రోజుకి లక్షా పదకొండు వేలు, మూడు నెలలపాటు ఒక్కరోజు తగ్గకుండా. పైగా 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, ఒక వ్యూ కింద చూపిస్తున్నారు. అర్హతకీ, డబ్బుకీ మాత్రం ఆగి చూసిన వ్యూస్‌నే లెక్కలోకి తీసుకుంటారు. బయట కనిపించే అంకె చూసి పండగ చేసుకోకండి.

మధ్యలో ఒక చిన్న మెట్టు కూడా ఉంది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు అప్‌లోడ్‌లు, 3,000 గంటలు లేదా 30 లక్షల షార్ట్స్ వ్యూస్ ఉంటే మెంబర్‌షిప్‌లు, సూపర్ థాంక్స్ లాంటివి తెరుచుకుంటాయి. ప్రకటనల వాటా ఉండదు. తెలుగు ప్రేక్షకుడు సూపర్ థాంక్స్ నొక్కి డబ్బు పంపడం నేను ఇప్పటిదాకా పెద్దగా చూడలేదు. "సూపర్ అక్కా" అని కామెంట్ పెడతారు, అది ఉచితం.

డబ్బు పంచే పద్ధతీ వేరే. పెద్ద వీడియో మీద వచ్చిన ప్రకటనకి 55 శాతం మీది. షార్ట్స్‌లో ఏ ప్రకటన ఎవరి వీడియోదో చెప్పలేరు కాబట్టి డబ్బంతా ఒక కుండలో పడుతుంది. అందులోంచి పాటల లైసెన్సు ఖర్చు తీసి, మిగిలింది దేశాలవారీగా వ్యూస్ లెక్కన విడదీసి, మీ వాటాకి వచ్చినదాంట్లో 45 శాతం ఇస్తారు. పెద్ద వీడియో ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. అందుకే చాలామంది ఐదు నిమిషాల విషయాన్ని ఎనిమిదికి సాగదీస్తారు. చూసేవాళ్ళకి అది తెలిసిపోతుంది. మా వదిన దగ్గర ఆ సాగదీత నడవదు, "అబ్బాయ్, గుడ్డ ఎంత ఉంటే జాకెట్టు అంతే వస్తుంది" అంటుంది.

అయితే షార్ట్స్ దండగా? వెతుకుడు చానల్‌కి షార్ట్ అంటే కొట్టు ముందు పెట్టే బోర్డు లాంటిది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించాక, ఆ సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ని ముందుగా మన దేశంలోనే దించింది. టిక్‌టాక్ అలవాటైనవాళ్ళంతా అందులోకి వచ్చారు. మేమూ అప్పుడే హుక్ పట్టీ మీద ఒక షార్ట్ పెట్టాం. అది మా స్థాయికి మించి ఎగిరింది, సబ్‌స్క్రైబర్లూ పెరిగారు. తర్వాత పెట్టిన కటింగ్ వీడియోకి వాళ్ళలో ఎవరూ రాలేదు. వాళ్ళు చూసింది సూది ఎంత చకచకా కదిలిందన్నది. కుట్టు నేర్చుకునేవాళ్ళు కారు. అప్పటినుంచి మేము ప్రతి పెద్ద వీడియోలోంచి ఒక్క చిక్కు మాత్రం తీసి షార్ట్ చేసి, దాని మీద సంబంధిత వీడియో లింకు పెడుతున్నాం. షార్ట్స్ కామెంట్లలో, డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింకులు 2023 ఆగస్టు చివరినుంచి పనిచేయవు కాబట్టి ఉన్న దారి అదే.

తగులుడు చానల్‌కి షార్ట్సే ప్రాణం. కొత్త ముఖాన్ని తెలియనివాళ్ళ ముందు నిలబెట్టడానికి అంతకంటే చవకైన పద్ధతి లేదు. కామెడీ చేసేవాళ్ళు మొదటి ఏడాది షార్ట్స్ మీదే గడిపినా నేను తప్పు అనను. 2024 అక్టోబరు 15 నుంచి షార్ట్ మూడు నిమిషాలదాకా ఉండొచ్చు, చిన్న స్కిట్ నిండుగా పడుతుంది. కానీ ఒక నిమిషం దాటిన షార్ట్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడే పాట, అంటే హక్కులున్నవాళ్ళు మాదని పట్టుకునే పాట, ఉంటే ఆ వీడియో ఎవరికీ కనిపించదు. సినిమా పాట పెట్టాలని చెయ్యి దురద పెడితే నిమిషం లోపలే తీర్చుకోండి.

ముఖమా, గొంతా

మా వదిన మొదటి రెండేళ్ళు ముఖం చూపించలేదు. చేతులు, గుడ్డ, చాక్‌పీసు, టేపు, అంతే. మా అన్నయ్యకి ఇష్టం లేకపోవడం ఒకటి, తనకి సిగ్గు ఇంకొకటి. చానల్‌కి దానివల్ల నష్టం ఏమీ జరగలేదు. జాకెట్టు నేర్చుకునేవాళ్ళు చేతులే చూస్తారు. కాబట్టి ఇంట్లో అభ్యంతరం ఉందని చానల్ ఆలోచన మానుకుంటున్న ఆడవాళ్ళకి నేను చెప్పేది ఇదే: వెతుకుడు సబ్జెక్టు ఎంచుకోండి, చేతులు చాలు.

తగులుడుకి ముఖం కావాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి నడిచే మై విలేజ్ షోలో గంగవ్వ లేకపోతే ఆ చానల్ అంత దూరం వెళ్ళేదా? పొలం పనులు చేసుకునే ఆవిడ 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్ దాకా వెళ్ళింది. జనం చూసింది కథల కంటే ఆ మనిషిని, ఆ మాటని. కానీ ముఖం మీద కట్టిన ఇల్లు ఆ ముఖం ఉన్నంతకాలమే. మస్తానమ్మ 2018 డిసెంబరులో పోయారు. గ్రాండ్‌పా కిచెన్‌లో గంపలకొద్దీ వండి అనాథ పిల్లలకి పెట్టిన నారాయణరెడ్డిగారు 2019 అక్టోబరులో పోయారు. అలాంటి చానల్ వెనక ఉన్నవాళ్ళకి మనిషి పోయిన దుఃఖం ఒకవైపు, రేపు ఏం పెట్టాలన్న ప్రశ్న ఇంకోవైపు. చావుదాకా పోనక్కర్లేదు, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా, పార్ట్‌నర్‌తో గొడవ వచ్చినా అంతే. నలుగురు స్నేహితులు కలిసి కామెడీ చానల్ పెడుతుంటే, చానల్ ఎవరి మెయిల్ ఐడీ మీద ఉంటుంది, డబ్బు ఎలా పంచుకుంటారు అన్నది మొదటి వీడియోకి ముందే కాగితం మీద రాసుకోండి. అప్పుడు నవ్వులాటగా ఉంటుంది. డబ్బు వచ్చాక ఆ మాట ఎత్తలేరు.

ఈమధ్య మూడో దారి ఒకటి తయారైంది. ముఖమూ వద్దు, గొంతూ వద్దు, ఏఐతో స్క్రిప్టు, ఏఐ గొంతు, ఏఐ బొమ్మలు, రోజుకి ఐదు వీడియోలు. దీన్ని నేర్పిస్తామని కోర్సులు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకే అచ్చులో పోసి గుట్టలుగా తీసే వీడియోలకి డబ్బు ఇవ్వకూడదన్న యూట్యూబ్ నియమం ఎప్పటినుంచో ఉంది, 2025 జులైలో ఆ మాటని ఇంకా స్పష్టంగా రాసింది. ఏఐ సాయం తీసుకోవడం తప్పేమీ కాదు. నిజమని భ్రమపడేలా తయారుచేసిన దృశ్యాలైతే ఆ సంగతి అప్‌లోడ్ చేసేటప్పుడు చెప్పాలి. కానీ వ్రతకథని తప్పుల తడక ఉచ్చారణతో చదివే ఏఐ గొంతు విన్నప్పుడల్లా మా అమ్మ ఫోను పక్కన పెట్టేస్తుంది. నియమాలు పట్టుకునేలోపే జనమే వదిలేస్తారేమో.

ఏ తెలుగు

మీ ఇంట్లో మాట్లాడే తెలుగు. ఇందులో పెద్ద చర్చ లేదు. న్యూస్ రీడర్‌లా మాట్లాడాలని మా వదిన మొదటి పది వీడియోల్లో "ఇప్పుడు మనం వస్త్రాన్ని మడతపెట్టుకుందాం" అంది. "వస్త్రం ఏంటక్కా, గుడ్డ అను" అని ఒకావిడ కామెంట్ పెట్టింది. అంతటితో ఆ గోల వదిలింది. లంబాడిపల్లి యాస ఆ చానల్‌కి అడ్డం కాలేదు సరికదా, అదే దాని బలం.

టైటిల్ దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. మా చానల్‌కి సెర్చ్‌లోంచి వచ్చేవాళ్ళు కొట్టే మాటలు చూస్తే, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళు చాలామంది. అందుకే వెతుకుడు చానల్ టైటిల్‌లో సగం తెలుగు లిపి, సగం ఇంగ్లీషు అక్షరాలు పెడతాం. తగులుడుకి ఆ బాధ లేదు, అక్కడ పనిచేసేది థంబ్‌నెయిల్, అంటే వీడియో నొక్కకముందు కనిపించే బొమ్మ.

హిందీలో కూడా చేస్తే పదింతలు వస్తారు కదా అని అడుగుతారు. వస్తారేమో. పోటీ కూడా పదింతలు ఉంటుంది, పైగా "చంక", "ఉక్కులు", "కుచ్చిళ్ళు" అనే మాటల దగ్గర మా వదినకి ఉన్న చనువు హిందీలో ఉండదు.

సామాను

ఒక్క రూపాయి ఖర్చు పెట్టగలిగితే మైకు మీద పెట్టండి. వెయ్యి రూపాయల లోపు దొరికే కాలరు మైకు చాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు. షూట్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. మే నెలలో తెనాలిలో ఫ్యాన్ ఆపి కటింగ్ వీడియో తీయడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే మేము ఎండాకాలం వీడియోలు ఫిబ్రవరిలోనే తీసి దాచుకుంటాం.

చేతిలో ఉన్న ఫోనుకి వెనక కెమెరా, పైనుంచి కిందకి చూసేలా ఒక స్టాండు, కిటికీ వెలుతురు ఉంటే సరిపోతుంది. మేము మొదట్లో పట్టు, శాటిన్ గుడ్డల మీద చూపించేవాళ్ళం, తళతళలాడి గీతలు కనిపించేవి కావు. ఇప్పుడు ముదురు రంగు కాటన్ లైనింగు గుడ్డ, తెల్ల చాక్‌పీసు. ఈ మార్పుకి అయిన ఖర్చు మీటరు లైనింగు. ఇలాంటి మార్పులు ప్రతి సబ్జెక్టులోనూ ఉంటాయి, అవి కెమెరా కొట్లో దొరకవు.

మా చుట్టాలబ్బాయి ఒకడు ఈఎంఐ మీద డీఎస్ఎల్ఆర్ కొని ట్రావెల్ చానల్ పెట్టాడు. ఏడు వీడియోలు పెట్టాడు, ఈఎంఐ ఇంకా కడుతున్నాడు. ఎడిటింగ్‌కి ఫోనులో వీఎన్ అనే యాప్ చాలు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే వాళ్ళ పేరు వీడియో మీద పడుతుంది. కంప్యూటర్ గట్టిదైతే డావిన్చీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది, పేరు పడదు, కానీ నేర్చుకోవడానికి నెల పడుతుంది.

నొక్కేలా చేసేది

థంబ్‌నెయిల్ విషయంలో మేము నేర్చుకున్నది ఒకటే. అందంగా కుదిరిన జాకెట్టు బొమ్మ పెడితే ఎవరూ నొక్కరు. ముడతలు పడ్డ జాకెట్టు పెట్టి ఆ ముడత మీద ఎర్రగీత గీస్తే నొక్కుతారు. వెతికే మనిషికి తన కష్టం కనిపించాలి. తగులుడులో మాత్రం ముఖంలో ఏదో జరుగుతున్నట్టు ఉండాలి. ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిళ్ళు పెట్టి ఏది నెగ్గుతుందో చూసే సౌకర్యం స్టూడియోలో ఉంది, వాడుకోండి. కనిపించినవాళ్ళలో నూటికి ఎంతమంది నొక్కారన్న లెక్క కూడా అక్కడే ఉంటుంది. యూట్యూబ్ తానే చెప్పినదాని ప్రకారం సగం చానళ్ళకి అది 2 నుంచి 10 శాతం మధ్యలో ఉంటుంది. మీది నాలుగు ఉందని ఏడవక్కర్లేదు.

డబ్బు ఏ దారిన

ప్రకటనలు, బ్రాండ్లు, సొంత పని. మూడు దారులు. మా ఇంట్లో మూడోదే ఎక్కువ తెస్తుంది. చానల్ చూసి కుట్టించుకునేవాళ్ళు, ఆన్‌లైన్ క్లాసుకి చేరేవాళ్ళు. వెతుకుడు చానల్‌కి ఉన్న అసలు లాభం ఇది, వచ్చేవాళ్ళకి మీ విద్యతో పని ఉంది. తగులుడు చానల్‌కి బ్రాండ్లే దిక్కు, ఎందుకంటే అక్కడ అమ్మేది జనం చూపు. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ పెట్టుకునేవాళ్ళ పరిస్థితి కూడా దాదాపు ఇదే. ప్రకటనల వాటా మీద నెలనెలా ఆధారపడే ఏర్పాటు అక్కడ యూట్యూబ్‌లో ఉన్నట్టు లేదు. కాబట్టి రీల్స్‌ని అదనంగా పెట్టుకోండి, ఇల్లు అక్కడ కట్టకండి.

బ్రాండ్ డబ్బు తీసుకుంటే ఆ సంగతి వీడియోలో కనిపించేలా చెప్పాలి. దీని మీద ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. అందరికంటే ఎక్కువ ఇస్తామని ముందుగా వచ్చేది మాత్రం బెట్టింగ్ యాప్‌లవాళ్ళే. మా చిన్న కుట్టు చానల్‌కి కూడా మెయిల్ వచ్చింది. జాకెట్టు కుట్టడం నేర్చుకునేవాళ్ళకి రమ్మీ ఎందుకో వాళ్ళకే తెలియాలి. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌లని ప్రచారం చేసిన పలువురు యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనీ, వాటి ప్రకటనలనీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఇక్కడ పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు.

పాటల విషయంలో మాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను. పెళ్ళి బ్లౌజుల వీడియో వెనక ఇరవై సెకన్లు ఒక సినిమా పాట పెట్టాను. వీడియో బాగా పోయింది, ఆ వీడియో డబ్బు మొత్తం పాట హక్కులున్నవాళ్ళకి పోయింది. అది క్లెయిమ్. స్ట్రయిక్ దానికంటే పెద్దది, హక్కులున్నవాళ్ళు వీడియోనే తీయించేస్తే పడేది. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. కాస్త ఉప్పులేని పప్పులా ఉంటుంది, కానీ డబ్బు మీదే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు మీ వీడియోలు చూస్తుంటే ఇంకో పని ఉంది. యూట్యూబ్ డబ్బు మనకి పంపే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో అమెరికా పన్ను ఫారం నింపాలి. అక్కడ జాకెట్టు కుట్టించడం ఖరీదు కాబట్టి డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మాకు చాలామందే వస్తారు. ఫారం నింపకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా పట్టుకోవచ్చు. నింపితే మన దేశానికున్న ఒప్పందం ప్రకారం అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన డబ్బు మీద మాత్రమే 15 శాతం. నెలకి 1,000 డాలర్లు వచ్చి, అందులో 100 అమెరికావి అనుకోండి. నింపనివాడికి 240 డాలర్లు పోతాయి, నింపినవాడికి 15. పది నిమిషాల పని.

ఉద్యోగం మానాలా

మానొద్దు. వెతుకుడు అయినా, తగులుడు అయినా ఇదే జవాబు. ఎంత నమ్మకం ఉన్నా సరే. యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు నిండితే గాని డబ్బు పంపరు. నిండిన నెల తర్వాతి నెల 21 నుంచి 26 మధ్య పంపుతారు. అంటే మొదటి డబ్బు చేతికి రావడానికి అర్హత వచ్చాక కూడా నెలలు పట్టొచ్చు. ఇంటి అద్దె అంతదాకా ఆగదు.

ఆ ఎదురుచూపులోనే వాట్సాప్ గ్రూపులవాళ్ళు తగులుతారు, "మీరు మాకు సబ్‌స్క్రైబ్ చేయండి, మేము మీకు చేస్తాం" అని. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. నియమాలకి విరుద్ధం అన్నది పక్కన పెట్టండి, వాళ్ళెవరూ వీడియో చూడరు. వెయ్యి మందికి చూపించినా ఎవరూ చూడని వీడియోని యూట్యూబ్ ఇంకెవరికి చూపిస్తుంది?

మొన్న మా పిన్ని కూతురు ఫోను చేసింది. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, చానల్ పెడతానంటోంది. ఏం చేస్తావు అంటే వ్లాగులు అంది. ఎవరు చూస్తారు అంటే ఆలోచించి, "ఫ్రెండ్స్" అంది. బ్యాంకుకి వచ్చేవాళ్ళు నిన్ను రోజూ ఏం అడుగుతారు అన్నాను. మినిమమ్ బ్యాలెన్స్ ఎందుకు కోశారు, బంగారం లోను ఎక్కడ చవక, చనిపోయినవాళ్ళ ఖాతాలో డబ్బు ఎలా తీయాలి అని ఏకబిగిన పన్నెండు చెప్పింది. బ్యాంకులో అనుమతి తీసుకోవాలి కదా అన్నాను. అడుగుతానంది. అనుమతి వచ్చేలోపు ఆ పన్నెండూ కాగితం మీద రాసి పెట్టమన్నాను, మైకు మాత్రం మాది ఇస్తాను.